పొట్ట మెత్తగా ఉంది

“మీకిచ్చింది పది నిమిషాలు. అందులో రెండు అయిపోయాయి,” అన్నాడు పెద్ద డాక్టర్.

“బైండర్‌కి మీరిచ్చింది నాలుగు నిమిషాలే కదా సార్. ఆ లెక్కన నాకు ఎక్కువే,” అంది సూది.

సూది ఆమె అసలు పేరు కాదు. పోలీసు శాఖలో పన్నెండేళ్ళు పనిచేసి, పై అధికారితో పడక బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టేసరికి ఆ పేరు ఒక్కటే వెంట వచ్చింది. ఆమె అడిగిన ప్రశ్న ఎక్కడ దిగిందో, దిగాక గాని తెలియదు.

ఒంటిగంటా పది అయింది. ఆమె చేతిలో ఉన్నవి మూడు గంటలైనా లేవు.

మంగళవారం ఉదయం ఏడున్నరకి ఓ పుస్తకాల బైండర్‌కీ, అతని బావమరిదికీ ఇంటి ముందు పెనుగులాట జరిగింది. తొమ్మిదీ ఐదుకి బైండర్‌ని కడుపునొప్పితో ఈ ఆసుపత్రికి తెచ్చారు. సాయంత్రం ఆరున్నరకి పొట్ట కోశారు. బుధవారం తెల్లవారుజామున అతను పోయాడు. కడుపు సంచికి చిల్లు పడిందనీ, అది గుద్దు వల్లనేననీ పెద్ద డాక్టర్ రాసిచ్చాడు. శవపరీక్ష చేసినాయనకి కనిపించింది కుట్లేసి కప్పేసిన చిల్లు. ‘ఆపరేషన్ చేసిన డాక్టరు అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను’ అని రాసి చేతులు కడుక్కున్నాడు. వ్యాన్ డ్రైవరైన బావమరిది లాకప్‌లో ఉన్నాడు. ఇవాళ శుక్రవారం. నాలుగింటికి అతన్ని హత్యకేసులో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

సూదిని ఈ పనికి పెట్టుకున్నది బైండర్ భార్య. మొగుడు పోయాడు, తమ్ముడు పోబోతున్నాడు. ఆమె మాటని నమ్మేవాడు లేడు. “ఆయన ఆరింటికే మెలికలు తిరిగిపోయారమ్మా. ఆసుపత్రికి పద బావా అని మా వాడు చెయ్యి పట్టి లాగాడు. రానని ఈయన తోసేశారు. ఎదురింటివాళ్ళకి కనపడింది అదే,” అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా, తమ్ముణ్ణి కాపాడుకోవడానికి అక్క అల్లిన కథ అనే అందరూ అన్నారు. ప్రస్తుతం ఆమె బయట బల్ల మీద కూర్చుని ఉంది. చనిపోయినవాడి భార్యగా ఆమె సంతకం పెట్టి ఇచ్చిన ఉత్తరం వల్లనే కేసు కాగితాలు సూది చేతికి వచ్చాయి.

“మీరు మొదట ఎన్నింటికి చూశారు?”

“పదీ నలభై. అప్పటిదాకా వేరే ఆపరేషన్‌లో ఉన్నాను. అదీ నా తప్పేనా?”

“కాదు. తొమ్మిదీ పదిహేనుకి డ్యూటీ డాక్టరు ఏం రాశాడో చదువుతాను. ‘పొట్ట బల్లచెక్కలా ఉంది. చెయ్యి వేయనివ్వడం లేదు.’ పదీ నలభైకి మీరు రాసింది: ‘పొట్ట మెత్తగా ఉంది. గ్యాస్ నొప్పి. వార్డులో ఉంచండి.’ గంటన్నరలో బల్లచెక్క దూదిపరుపు ఎలా అయింది సార్?”

పెద్ద డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. వేళ్ళు మాత్రం పాతికేళ్ళ వాడివిలా సన్నగా, శుభ్రంగా ఉన్నాయి.

“మధ్యలో ఇంజెక్షన్ ఇచ్చారు. గట్టి మందు. అది పడ్డాక ఎవడి పొట్టయినా మెత్తబడుతుంది.”

“తొమ్మిదీ ఇరవైకి ఇచ్చారు. ఈ కాగితంలోనే ఉంది, మీరు రాసినదానికి రెండు గీతల పైన. రాసేటప్పుడు చదివారా?”

పెద్ద డాక్టర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

“చదివి ఉంటే ఆ మెత్తదనం మందుదని మీకు తెలుసు. తెలిసీ సాయంత్రం దాకా ఆగారు. చదవకపోతే, ఇంజెక్షన్ సంగతి మీకు తర్వాతెప్పుడో తెలిసింది. ఏది రాసుకోను?”

అడకత్తెరలో పోకచెక్క కదిలింది. “ఎక్స్‌రేలో కూడా ఏం కనపడలేదు,” అన్నాడు.

“నిలబెట్టి తీయమని డ్యూటీ డాక్టరు రాశాడు. పడుకోబెట్టి తీశారు.”

“నిలబడలేకపోయాడు.”

“చిల్లు పడితే గాలి పైకి చేరి పక్కటెముకల కింద కనిపిస్తుందట. నిలబెడితేనే. పడుకోబెట్టి తీసి గాలి లేదనడం, బావి మూత తీయకుండా నీళ్ళు లేవనడం లాంటిదే.”

“నాకు సర్జరీ నేర్పుతున్నారా?”

“నేర్పడం లేదు సార్, అప్పజెబుతున్నాను. రెండు రోజులుగా మీ పుస్తకాలతోనే కుస్తీ.”

అతను కుర్చీలోంచి ముందుకి వంగాడు. గొంతు తగ్గింది. తగ్గినకొద్దీ పదునెక్కింది.

“సరే. ఆలస్యం అయింది. కానీ చిల్లు పెట్టింది నేను కాదు. పొట్ట తెరిచి నా కళ్ళతో చూశాను. మీరు చూశారా?”

“మీరు చూసిందే అడుగుతున్నాను. గుద్దు వల్ల పడ్డ చిల్లుకీ, పుండు పగిలి పడ్డ చిల్లుకీ తేడా తెలుస్తుందా?”

“ఇంటర్న్‌కి కూడా తెలుస్తుంది. పుండైతే గుండ్రంగా, అంచు గట్టిగా ఉంటుంది. గుద్దైతే చిరుగు. నేను చూసింది చిరుగు.”

“ఆ అంచు ఇప్పుడెక్కడుంది?”

అర క్షణం. ఏదో గుర్తొచ్చినవాడిలా అతని చూపు టెలిఫోన్ మీదికి పోయి, వెంటనే ఆమె మీదికి తిరిగొచ్చింది.

“కుట్ల కింద ఉంది. మనిషితో పాటే పోయింది. మీ పది నిమిషాలు అయిపోయాయి.”

* * *

ఆపరేషన్లు అయిపోయి థియేటర్ ఖాళీ అయ్యేసరికి మూడైంది. తలుపు దగ్గర చెప్పులు విప్పించి, తలకి టోపీ పెట్టించి, అప్పుడు గాని సూదిని లోపలికి రానివ్వలేదు థియేటర్ సిస్టర్. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. మనిషిని చూస్తే ముందు గోళ్ళు చూస్తుంది.

“ఏదీ ముట్టుకోకండి. చేతులు కట్టుకుని నిలబడండి.”

“బడిలో కూడా ఇంత భయపడలేదు సిస్టర్.”

“భయపడి ఉంటే పోలీసు అయ్యేవారా!”

గది చిన్నది. మధ్యలో బల్ల, పైన దీపం, గోడకి గడియారం. గడియారం కింద నల్లబల్ల. దాని మీద సుద్దతో ఒకే వాక్యం: ‘ఒంట్లోంచి తీసింది ఏదైనా సీసాలోకే.’

“మంగళవారం సాయంత్రం మీరు ఏమేం అందించారో, వరసగా అందించండి. గాల్లోనే. నేను చూస్తాను,” అంది సూది.

సిస్టర్ విసుక్కుంటూనే బల్ల పక్కన నిలబడింది. నిలబడగానే ఆమె వేరే మనిషి అయిపోయింది. వీపు నిటారుగా అయింది, చేతులు పైకి లేచాయి.

“కత్తి. ఆరూ ముప్పై రెండు. తెరవగానే పొట్టనిండా నీళ్ళు, తిన్నదీ తాగిందీ అంతా. పీల్చే గొట్టం. గుడ్డలు. మళ్ళీ గొట్టం. ఆయన చెయ్యి లోపలికి పోయింది, చిల్లు మీద వేలు పెట్టారు. ‘దొరికింది’ అన్నారు. తర్వాత దారం. మూడు కుట్లు. పేగుల మీదుండే కొవ్వు పొరని లాగి, చిల్లు మీద కప్పి, కట్టేశారు. ఇదిగో, మూడు దారాల చీటీలూ రిజిస్టర్‌లో అంటించాను.”

“చిరిగిన కడుపైతే కూడా ఇలాగే కప్పుతారా?”

“చిరుగైతే చిరుగు పొడవునా కుట్టుకుంటూ పోతారు, జాకెట్టు కుట్టినట్టు. ఇది కప్పి కట్టడం. పుండుకి చేసే పని.” ఆ మాట నోటి నుంచి వచ్చాక సిస్టర్ చేతులు గాల్లోనే ఆగాయి.

“ఈ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పలేదేం?”

“ఆయన ఒక్కటే అడిగారు, పెద్ద డాక్టర్ అబద్ధం ఆడతారా అని. ఆడరు అన్నాను.”

“ఆడరా?”

“ఆయన చేతులు ఆడవు. ఇరవై ఆరేళ్ళు ఆ చేతులకే అందించాను. నోటి సంగతి నాకెలా తెలుస్తుంది, ఎప్పుడు చూసినా మాస్కేగా!”

సూది నవ్వలేదు. “‘దొరికింది’ అన్నాక, దారం కంటే ముందు ఏమైనా అడిగారా? మళ్ళీ ఒకసారి చేయండి.”

సిస్టర్ కళ్ళు మూసుకుంది. కుడి చెయ్యి దానంతటదే పక్కకి వెళ్ళి, కనపడని బల్ల మీంచి ఏదో తీసి, ముందుకి చాచింది.

“కత్తెర,” అంది నెమ్మదిగా. “వంకరది. సన్నది.”

“దారం వేయకముందు కత్తెరతో పనేంటి?”

“అంచు తీయడానికి.” సిస్టర్ కళ్ళు తెరిచింది. “కడుపులో పుండుకి చిల్లు పడితే అంచు నుంచి చిటికెడు తీసి పంపుతారు, కేన్సరేమో చూడమని. ఆయన చెయ్యి అడిగింది, నా చెయ్యి ఇచ్చింది. ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. ఇరవై ఆరేళ్ళ అలవాటు.”

సూది నల్లబల్ల మీది వాక్యం వైపు చూసింది. సిస్టర్ అప్పటికే సీసాల పుస్తకం తిరగేస్తోంది.

“మూడువందల పద్దెనిమిది. మంగళవారం. ఏడూ పది. పంపింది నేనే.”

“ఏడూ పదికి మనిషి బతికే ఉన్నాడు. బతికున్నవాడి గురించి అబద్ధం ఆడే అవసరం ఆయనకి లేదు,” అంది సూది టోపీ తీస్తూ.

* * *

లేబొరేటరీ మెట్లు ఎక్కేటప్పుడే ఆమెకి టెలిఫోన్ వైపు పోయిన ఆ అర క్షణం చూపు గుర్తొచ్చింది. అంచు ఎక్కడుందని ఆమె అడిగేదాకా ఆ సీసా సంగతి డాక్టరుకే గుర్తులేదు. తన సూది తన వేలికే దిగింది.

బైండర్ భార్య వెనకాలే ఎక్కుతోంది. “ఏమైనా తెలిసిందా అమ్మా?”

“తెలిసింది. మీ తమ్ముడు గుద్దలేదు.”

“అది నాకు మంగళవారమే తెలుసు,” అంది ఆమె.

లోపల ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. సూదీ అతనూ ఒకే బ్యాచ్. ఆమె మానేశాక అతనికి ప్రమోషన్ వచ్చింది. ఆ మాట కలిసినప్పుడల్లా ఎత్తడం అతనికి సరదా.

“రా సూదీ. నువ్వు ఆవలించేలోపు నేను పేగులు లెక్కపెట్టేశాను. సీసా సీజ్ చేస్తున్నాను. పేర్లు తారుమారయ్యాయని పెద్ద డాక్టర్ ఫోన్ చేశారు.”

“ఎన్నింటికి చేశాడు?”

“ఒకటిన్నరకి.”

“నేను ఒకటీ ఇరవైకి ఆయన గదిలోంచి బయటికొచ్చాను. మూడు రోజులుగా గుర్తురాని పొరపాటు పది నిమిషాల్లో గుర్తొచ్చిందన్నమాట. నీకు అనుమానం రాలేదూ?”

“నాకు డాక్టరు మీద అనుమానం రాదు. గొడవపడ్డవాడి మీద వస్తుంది. అందుకే నేనింకా ఉద్యోగంలో ఉన్నాను.”

“అవును. అనుమానపడినవాళ్ళమే బయట ఉన్నాం.”

“మీ ఇద్దరూ పోట్లాడుకోవాలంటే బయట వరండా ఉంది,” అంది సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తకుండా ఓ ముసలావిడ. ఆమెని ఆసుపత్రిలో అందరూ సీసాల డాక్టరమ్మ అంటారు. “సీసా కావాలా ఇన్‌స్పెక్టర్ గారూ? నిక్షేపంగా తీసుకెళ్ళండి. అందులో ముక్క నానబెట్టిన మందునీళ్ళు తప్ప ఏమీ లేవు.”

ఇన్‌స్పెక్టర్ కాలు దిగింది. “ముక్క ఏది?”

“నిన్న పొద్దున్నే మైనంలో పోశాను. కాగితం కంటే పలచగా కోసి అద్దాల మీదికి ఎక్కించాను. ఎవరివి ఎవరివో తారుమారు కావడానికి ఇది ధోబీ కొట్టు కాదు. మంగళవారం సాయంత్రం ఈ గదికి వచ్చిన కడుపు ముక్క ఇదొక్కటే.” ఆమె ఓ కాగితం బల్ల మీదికి తోసింది. “ఇది నా రిపోర్టు. పాత పుండు. అంచంతా గట్టిపడి, మచ్చకట్టి ఉంది. నెలల తరబడి ఉంటే గాని అలా అవదు. కేన్సర్ లేదు. పిడికిలికి ఒక్కపూటలో ఇలాంటి పని రాదు.”

“ముక్కతో పాటు వచ్చిన ఫారం చూపించండి,” అంది సూది.

ఫారం వచ్చింది. సిస్టర్ చేతిరాతతో పేరూ వయసూ. ‘ఏం అనుమానిస్తున్నారు’ అన్న చోట వేరే చేతిరాత, వంకర టింకరగా: ‘కడుపు పుండు, చిల్లు.’ కింద సంతకం. పెద్ద డాక్టర్‌ది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ సంతకాన్ని వేలితో తడిమాడు. మూడు రోజులుగా అదే సంతకాన్ని ఫైలులో పెట్టుకుని తిరుగుతున్నాడు మరి.

“మధ్యాహ్నం దాకా అయితే ఇది పనికొచ్చేది,” అన్నాడు చివరికి. గొంతులో వెటకారం లేదు. “పన్నెండింటికి ఆ డ్రైవరు ఒప్పుకున్నాడు. రాతపూర్వకంగా.”

తలుపు దగ్గర బైండర్ భార్య గోడకి ఆనుకుంది.

“కొట్టారా?” అంది సూది.

“ఒట్టు. చెయ్యి కూడా వేయలేదు. మూడు రోజులు నోరు విప్పనివాడు, ఇవాళ తనే కాగితం అడిగాడు.” జేబులోంచి నకలు తీశాడు. “చదువు.”

నాలుగే వాక్యాలు. సూది పైకే చదివింది.

“‘మా బావని పొట్టలో రెండుసార్లు గుద్దాను. కోపంలో గుద్దాను. అందువల్లే ఆయన చనిపోయాడు. మా అక్క ఇచ్చిన మాత్రలకీ దీనికీ సంబంధం లేదు.’”

ఆఖరి వాక్యం దగ్గర ఆమె ఆగింది.

“మాత్రల గురించి నువ్వు అడిగావా?”

“ఏ మాత్రలు? నాకేం తెలుసు!”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారు. ఇతను వాళ్ళ అక్క భుజాలు తడుముతున్నాడు. ఎందుకు?” సూది కేసు కాగితాల మొదటి పేజీ తిప్పింది. తొమ్మిదీ పదికి నర్సు రాసుకున్న వివరాలు. “‘నడుం నొప్పికి ఆరు నెలలుగా రోజూ మాత్రలు. భార్య చెప్పింది.’ ఇది నీ ఫైల్లో లేదు, ఆసుపత్రి దాంట్లోనే ఉంది. డాక్టరమ్మా, ఆ మాత్రలు ఇలాంటి పుండు చేస్తాయా?”

సీసాల డాక్టరమ్మ తలుపు వైపు చూసింది. అక్కడ నిలబడ్డది ఎవరి భార్యో ఆమెకి తెలియదు.

“చేస్తాయి. పరగడుపున రోజూ వేసుకుంటే, నెలల్లో. నేను చూసే పుండ్లలో సగం అవే.”

సూది తలుపు వైపు చూడలేదు. చూస్తే అడగాల్సింది అడగలేకపోయేది.

“ఇవాళ లాకప్‌కి ఎవరొచ్చారు?”

ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు. “పదకొండున్నరకి పెద్ద డాక్టర్. ఒంటి మీద దెబ్బలున్నాయేమో పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తానన్నారు. మంచిదే కదా అనుకున్నాను. పది నిమిషాలు.”

“నువ్వు ఎక్కడున్నావు?”

“బయట.”

“ఆ పది నిమిషాల్లో దెబ్బలు చూడలేదు, బేరం పెట్టాడు. చిల్లు నీ పిడికిలి వల్లైనా పడి ఉండాలి, మీ అక్క మాత్రల వల్లైనా పడి ఉండాలి. ఏదో ఒకటి నువ్వే చెప్పు, అని ఉంటాడు. మందులకొట్లో అమ్మే మాత్ర ఇవ్వడం నేరం కాదని ఆ వ్యాన్ డ్రైవరుకి ఎవరు చెబుతారు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూతిలో తనే దూకాడు.” సూది ఆ కాగితాన్ని మడిచింది. “చిల్లు పడ్డవాళ్ళు బతుకుతారు. తొమ్మిది గంటలు వార్డులో పడేస్తే బతకరు. ఆ మూడో సంగతి వాడికి చెప్పలేదు.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాడు. విన్నాడు. పెట్టేశాడు.

“మూడూ ఇరవైకే వ్యాన్ బయల్దేరింది. నాలుగింటికి పిలుస్తారు. కోర్టు లోపల ఎవరి ఫోనూ పనిచేయదు. మేజిస్ట్రేటు ఎదుట వాడు అదే మాట మళ్ళీ అన్నాడంటే, ఈ గాజు పలకలు పట్టుకుని ఏడాది తిరగాలి. ఏడాదీ వాడు లోపలే.”

గోడ గడియారంలో మూడూ ముప్పై ఎనిమిది.

“వాడు అంటాడు,” అంది బైండర్ భార్య.

ముగ్గురూ తిరిగారు. ఆమె గోడని వదిలేసి నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు, కళ్ళలో నీళ్ళూ లేవు.

“నా మీదికి వస్తుందంటే వాడు ఏదైనా అంటాడు. మీరు చెబితే వినడు, మేజిస్ట్రేటు గారు చెప్పినా వినడు.” ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “మీ జీపు కిందే ఉందా?”

“ఉందమ్మా,” అన్నాడతను. మూడు రోజుల్లో ఆమెని అమ్మా అనడం అదే మొదలు.

“నడవండి. మాత్రలు నేనే ఇచ్చాను. రోజూ పొద్దున్నే, టీ కూడా తాగకముందు, నా చేత్తో నీళ్ళగ్లాసు ఇచ్చి మరీ వేయించాను. వాడి ఎదురుగానే చెబుతాను, రాసుకోండి.” ఆమె మెట్ల దాకా వెళ్ళి ఆగింది. “కానీ తొమ్మిదీ ఐదుకి తీసుకొచ్చాను. అది కూడా రాసుకోండి. నేను తొమ్మిదీ ఐదుకే తీసుకొచ్చాను.”